రీకాల్ పనికి బండి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద ఏం రాయించాలి

రీకాల్ అంటే, తయారీలో లోపం ఉందని తెలిసి కంపెనీయే బళ్లను వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేయడం. ఆ వార్త పేపర్లో పడిన రోజు సర్వీస్ సెంటర్లకు ఫోన్లు ఆగవు. అందరూ అడిగేది ఒకటే: "మా బండి అందులో ఉందా?" మోడల్ పేరు, కొన్న సంవత్సరం చెబితే అవతలి మనిషి "ఉండొచ్చండి, ఒకసారి తీసుకురండి" అంటాడు. ఛాసిస్ నంబరు చెబితే కంప్యూటర్లో కొట్టి ఒక్క నిమిషంలో తేల్చేస్తాడు.

కంపెనీలు మోడల్ మొత్తాన్ని రీకాల్ చేయడం తక్కువ. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫ్యాక్టరీలో తయారైన బళ్లను మాత్రమే పిలుస్తాయి. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్గుకి హై వోల్టేజి కరెంటు ఇచ్చే భాగం) లోపం గురించి 2,36,966 బళ్లను పిలిచింది. అవి 2020 డిసెంబరు నుంచి 2021 ఏప్రిల్ మధ్య తయారైన క్లాసిక్, బుల్లెట్, మీటియర్ బళ్లు. వాటిలో పది శాతం కన్నా తక్కువ బళ్లకే కాయిల్ మార్చాల్సి వస్తుందని అంచనా కూడా చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో మళ్లీ 26,300 క్లాసిక్ 350 బళ్లను పిలిచింది. అవి సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 5 మధ్య తయారైనవి, అందులోనూ సింగిల్ చానెల్ ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఒక్క చక్రానికే), వెనక డ్రమ్ బ్రేకు ఉన్నవి మాత్రమే. పక్కింటాయన క్లాసిక్‌కి వెనక డిస్కు ఉంటే ఆయనకు ఆ రీకాల్‌తో సంబంధమే లేదు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. రిజిస్ట్రేషన్ తేదీ వేరు, తయారీ తేదీ వేరు. ఏప్రిల్‌లో తయారైన బండి గోడౌన్లో కూర్చుని జులైలో అమ్ముడుపోవచ్చు. "నేను కొన్నది జులైలో కదా, నాది కాదులే" అనుకుంటే లోపం ఉన్న బండి మీదే తిరుగుతుంటారు. ఆర్సీ కార్డు మీద తయారీ నెల, సంవత్సరం విడిగా ఉంటాయి. ముందు అవి చూడండి.

ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఇంగ్లిషు అక్షరాలు ఐ, ఓ, క్యూ అందులో వాడరు. కాబట్టి గుండ్రంగా కనబడేది సున్నా, నిలువు గీత కనబడేది ఒకటి. ఫోన్లో చదివి చెప్పేటప్పుడు ఎక్కువ తప్పులు పోయేది ఈ రెండింటి దగ్గరే. పదో స్థానంలో ఉండే అక్షరం మామూలుగా సంవత్సరాన్ని చెబుతుంది: ఎల్ అంటే 2020, ఎమ్ అంటే 2021, ఎన్ అంటే 2022, పీ అంటే 2023, ఆర్ అంటే 2024. మోటార్‌సైకిళ్లకు ఈ నంబరు హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ మీద కొట్టి ఉంటుంది. గుడ్డకి కాస్త డీజిల్ అద్ది తుడిస్తే అంకెలు తేలతాయి. ఫోటో తీసి ఆర్సీతో పోల్చుకోండి. కంపెనీ వెబ్‌సైట్లో రీకాల్ పేజీ ఉంటే ఆ నంబరు అక్కడ కొట్టి చూసుకోవచ్చు. లేకపోతే కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్లో చెప్పిన మాటకు తర్వాత సాక్ష్యం ఉండదు.

విశాఖలో ఇంకో చిక్కుంది. నేవీ వాళ్లు, స్టీల్ ప్లాంటు వాళ్లు, పోర్టు వాళ్లు బదిలీల మీద వస్తూ పోతూ ఉంటారు. బళ్లు రైలు పార్సిల్లో వేరే రాష్ట్రాల నుంచి దిగుతాయి. వెళ్లిపోయేటప్పుడు ఇక్కడే అమ్మేస్తారు. అలా చేతులు మారిన బండికి కంపెనీ రికార్డులో మొదటి ఓనరు ఫోన్ నంబరే ఉంటుంది. రీకాల్ మెసేజ్ కొచ్చిలోనో ముంబైలోనో ఉన్న ఆయనకు పోతుంది, మీకు రాదు. సెకండ్ హ్యాండ్ బండి కొన్న ప్రతి ఒక్కరూ ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కి ఆర్సీ కాపీ తీసుకెళ్లి, తమ పేరు, ఫోన్ నంబరు మార్పించుకోవాలి. అదే సమయంలో "ఈ ఛాసిస్ మీద పెండింగ్ రీకాల్ ఏమైనా ఉందా?" అని అడగాలి. బండి ఒడిశా నంబరుదైనా, ఢిల్లీ నంబరుదైనా రీకాల్ పని ఇక్కడి సెంటర్లో చేయించుకోవచ్చు. కొన్న ఊరికే తీసుకెళ్లమంటే ఒప్పుకోవద్దు.

ఇక అసలు గొడవ ఉప్పు గాలిది. బండి మిస్ కొడుతోందని తీసుకెళ్తే మన ఊళ్లో మొదట వచ్చే జవాబు "సముద్రపు గాలండి, కనెక్షన్లు తుప్పు పట్టుంటాయి". చాలాసార్లు అది నిజమే. ఉప్పు గాలిలో తేమను పీల్చుకుని కనెక్టర్ల లోపల తడిగా ఉండిపోతుంది. రాగి పిన్నుల మీద ఆకుపచ్చ పొడి, అల్యూమినియం మీద తెల్ల పొడి కడుతుంది. కానీ ప్రతి జబ్బుకీ అదే కారణం అనుకోకూడదు. తేడా పట్టుకోవడం కష్టమేం కాదు.

కాయిల్ లోపమైతే పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి బాగానే స్టార్ట్ అవుతుంది. పది పదిహేను నిమిషాలు నడిచి ఇంజిన్ వేడెక్కాక మిస్ కొడుతుంది, లాగుడు తగ్గుతుంది. అరగంట ఆపి చల్లారనిస్తే మళ్లీ మామూలే. కాయిల్ లోపలి వైండింగ్ మీద ఉండే ఇన్సులేషన్ వేడికి సడలి కరెంటు పక్కదారి పట్టడం దీనికి కారణం. అందుకే చల్లటి కాయిల్‌కి మల్టీమీటర్ పెట్టి "బాగానే ఉంది" అంటే నమ్మకండి, వేడి మీద కొలవమనండి. కనెక్టరులో తుప్పైతే వేడితో సంబంధం ఉండదు. గోతిలో పడినప్పుడో, హ్యాండిల్ తిప్పినప్పుడో, వానలో తడిసినప్పుడో తేడా చేస్తుంది. కనెక్టర్ విప్పి చూస్తే ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. పిన్నులు మెరుస్తూ ఉండి కూడా వేడి మీద మిస్ కొడుతుంటే కాయిల్ మీదే అనుమానం. ప్లగ్ క్యాప్ ఊడదీసి చేత్తో పట్టుకుని స్పార్క్ చూసే పాత అలవాటు మానేయండి. అక్కడ ఉండేది వేల వోల్టులు. పైగా ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో ప్లగ్ లేకుండా ఇంజిన్ తిప్పితే కాయిల్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) దెబ్బతినే ప్రమాదం ఉంది.

2024లో సుజుకీ యాక్సెస్, అవెనిస్, బర్గ్‌మన్ స్కూటర్లు మొత్తం 3,88,411 పిలిచిన రీకాల్ కూడా ఈ కోవదే. 2022 ఏప్రిల్ 30 నుంచి డిసెంబరు 3 మధ్య తయారైన ఆ స్కూటర్లలో కాయిల్ నుంచి ప్లగ్గుకి వెళ్లే హై టెన్షన్ వైరు పగుళ్లు తీసే అవకాశం ఉంది. పగులులోంచి కరెంటు లీకైతే బండి ఆగిపోతుంది, స్టార్ట్ కాదు. ఆ లీకు వల్ల స్పీడ్ సెన్సర్, థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ కూడా పాడవ్వొచ్చు కాబట్టి మీటరులో స్పీడు చూపించడం మానేయవచ్చు. స్పీడు మీటరు పోయిందని మీటరు మార్పించుకున్నవాళ్లు తమ ఛాసిస్ నంబరు ఒకసారి చూసుకోవాలి. హోండా సీబీ350 బళ్లకు 2023 చివర్లో వచ్చిన రీకాల్‌లో సమస్య నీళ్లది: వెనక బ్రేకు లైటు స్విచ్చు రబ్బరులో, బ్యాంక్ యాంగిల్ సెన్సర్ సీలులో సందు ఏర్పడి నీళ్లు చేరవచ్చు. బ్యాంక్ యాంగిల్ సెన్సర్ పని బండి పడిపోతే ఇంజిన్ ఆపేయడం. అది పాడైతే నడుస్తున్న బండే ఆగిపోవచ్చు. ఇలాంటి బళ్లను వాటర్ వాష్‌కి ఇస్తే ప్రెషర్ గన్ స్విచ్చుల మీద, సెన్సర్ల మీద కొట్టవద్దని ముందే చెప్పండి.

తుప్పు కనిపించినా రీకాల్ హక్కు పోదు. ఛాసిస్ జాబితాలో ఉంటే, రీకాల్ చెప్పిన చెకింగ్ చేసి తీరాలి. తుప్పు వేరే సంగతి, దాన్ని వేరే జాబ్ కార్డు (సెంటర్ వాళ్లు బండి తీసుకునేటప్పుడు చేయాల్సిన పని రాసే కాగితం) మీద చూసుకోవచ్చు.

ఉప్పు గురించే ఇంకో మాట. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ బ్రిటన్, యూరప్, దక్షిణ కొరియాలలో సుమారు 15,200 ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ, హిమాలయన్ బళ్లను బ్రేకు క్యాలిపర్ల (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగాలు) కోసం పిలిచింది. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు క్యాలిపర్లను తినేస్తోందని కారణం చెప్పింది. మన దగ్గర మంచు ఉప్పు లేదు గానీ బీచ్ రోడ్డు పక్కన, భీమిలి దారిలో, యారాడ వైపు బండి రాత్రంతా బయట ఉంటే క్యాలిపర్ మీద చేరేది కూడా ఉప్పే. నెలకోసారి సెంటర్ స్టాండ్ మీదో, ప్యాడాక్ స్టాండ్ మీదో చక్రం లేపి చేత్తో తిప్పండి. ప్యాడ్లు కొద్దిగా రాసుకోవడం మామూలే. అర చుట్టు తిరిగి ఆగిపోతే పిస్టన్ వెనక్కి రావట్లేదని అర్థం. అది రీకాల్ కాదు, మీరే చేయించుకోవాల్సిన పని.

స్పేర్ పార్టు వెంటనే దొరకదు. మొదటి వారాల్లో "పార్ట్ రాలేదు సార్, ఫోన్ చేస్తాం" అనే మాటే వినిపిస్తుంది. అలా అన్నప్పుడు ఊరికే వెనక్కి రాకండి. మీ ఛాసిస్ నంబరు, వచ్చిన తేదీ, "పార్ట్ కోసం వేచి ఉంది" అన్న మాట వాళ్ల చేత రాయించి సంతకం తీసుకోండి, లేదా వాళ్ల వాట్సాప్‌లోనైనా పెట్టించుకోండి. ఈ లోపు బండి నడపొచ్చా అన్నది లోపాన్ని బట్టి ఉంటుంది. బ్రేకు, స్టీరింగ్, చక్రం, పెట్రోలు లీకు: ఈ నాలుగింటిలో ఏదైనా అయితే బండి ఇంట్లోనే ఉండాలి. సెంటర్ వాళ్లనే వచ్చి తీసుకెళ్లమని అడగండి. క్లాసిక్ 350 రీకాల్ సంగతే చూడండి. వెనక బ్రేకు తొక్కినప్పుడు డ్రమ్ ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా పట్టి ఉంచేది స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేముకి కలిపే చేయి) మీది రియాక్షన్ బ్రాకెట్. చాలా గట్టిగా తొక్కిన లోడుకు అది దెబ్బతింటే బ్రేకు శబ్దం చేస్తుంది, పట్టు తగ్గవచ్చు. సింహాచలం కొండ దిగేటప్పుడు, అరకు ఘాట్‌లో వెనక మనిషిని కూర్చోబెట్టుకుని వచ్చేటప్పుడు పడే లోడు సరిగ్గా అలాంటిదే. ఇగ్నిషన్ లోపమైతే ఊళ్లో నెమ్మదిగా తిరగవచ్చు గానీ గాజువాక, అనకాపల్లి వైపు జాతీయ రహదారి 16 ఎక్కొద్దు. వెనక లారీ ఉండగా నడి లైన్లో ఇంజిన్ ఆగిపోతే పక్కకు లాక్కునే సమయం దొరకదు.

బండి ఇచ్చే రోజు జాబ్ కార్డు మీద ఈ మాటలు ఉండాలి: రీకాల్ పేరు లేదా క్యాంపెయిన్ నంబరు, ఛాసిస్ నంబరు పూర్తిగా, కిలోమీటర్ల రీడింగు, "రీకాల్ పని, చార్జీ లేదు". "జనరల్ చెకప్" అని రాస్తే ఊరుకోకండి. రేపు బండి అమ్మేటప్పుడు గానీ, గొడవ వచ్చినప్పుడు గానీ ఆ కాగితం దేనికీ పనికిరాదు. ఆయిల్ మార్పు, చైన్ స్ప్రాకెట్ లాంటివి చేయించుకోవాలనుకుంటే వేరే కార్డు తీయించండి. వారంటీ అయిపోయిందని, బయట సర్వీసు చేయించారని, హారన్ మార్చారని చెప్పి రీకాల్ పని ఆపితే ఆ కారణాన్ని కాగితం మీద రాసిమ్మని అడగండి. రాయాల్సి వచ్చేసరికి చాలామంది పని మొదలుపెడతారు.

పని అయ్యాక సున్నా రూపాయల ఇన్వాయిస్ తీసుకోండి. అందులో మార్చిన పార్టు పేరు, పార్టు నంబరు ఉండాలి. చెక్ చేసి మార్చక్కర్లేదని తేల్చితే అదైనా రాయాలి. పాత పార్టును కంపెనీకి పంపాలి కాబట్టి మీకు ఇవ్వకపోవచ్చు, ఫోటో తీసుకోండి. వెనక చక్రం విప్పిన పని అయితే అక్కడే నిలబడి నాలుగు చూసుకోండి: యాక్సిల్ నట్టు బిగింపు, చైన్ లూజు మాన్యువల్ ప్రకారం ఉందా, బ్రేకు పెడల్ ఫ్రీ ప్లే, పెడల్ తొక్కితే వెనక లైటు వెలుగుతోందా. బ్రేకు రాడ్ నట్టు తిప్పి వదిలేసి లైటు స్విచ్చు సర్దడం మర్చిపోవడం తరచూ జరిగే తప్పు. లైటు వెలగకపోతే మీరు బ్రేకు వేసిన సంగతి వెనకవాడికి తెలియదు.

ఇంతకు ముందే అదే పార్టు సొంత డబ్బుతో మార్పించుకుని ఉంటే ఆ బిల్లు జోడించి తిరిగి ఇమ్మని కంపెనీకి రాయండి.

చట్టం సంగతి క్లుప్తంగా. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ వచ్చింది. లోపం గమనించిన కంపెనీ ప్రభుత్వానికి తెలియజేసి తానే రీకాల్ మొదలుపెట్టాలి. ప్రభుత్వం ఆదేశించాల్సి వస్తే జరిమానా పడుతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అది 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉంటుంది. ఆ నిబంధనలు ఏడేళ్ల లోపు బళ్లకు వర్తిస్తాయి. ఒకే లోపం పలువురికి వస్తే రవాణా శాఖ వెబ్‌సైట్ అయిన పరివాహన్ పోర్టల్లోని వాహన రీకాల్ విభాగంలో ఎవరి బండి మీద వాళ్లు విడిగా ఫిర్యాదు నమోదు చేయాలి, ఎందుకంటే ప్రభుత్వం కదిలేది ఫిర్యాదుల సంఖ్య చూసి. వాట్సాప్ గ్రూపులో రెండొందల మంది తిట్టుకున్నా అక్కడ లెక్కలోకి రాదు.

సెంటర్ తిప్పుతూనే ఉంటే 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బండి ఎక్కడ కొన్నా మీరు ఇక్కడ ఉంటున్నారు కాబట్టి ఇక్కడే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు. అప్పుడు అడిగేది ఆ జాబ్ కార్డులు, ఆ సంతకాలు, ఆ మెయిళ్లే. వాటిని ఆర్సీతో పాటు ఒకే కవర్లో పెట్టుకోండి, బండి అమ్మిన రోజు ఫోటోలు తీసుకుని ఆ కవర్ కొన్నవాళ్ల చేతికి ఇవ్వండి.