తరంగాలు: కణాన్ని, తరంగాన్ని విడదీసి చూడడం నేర్చుకున్న క్రమం

తరంగాల అధ్యాయం నాకు వచ్చేసిందని అనుకుంటున్న రోజుల్లో రాసిన ఒక మాక్ టెస్టులో చాలా తేలికైన ప్రశ్న ఒకటి వచ్చింది. సైన్ వక్రం ఒకటి గీసి ఉంది, పక్కపక్కనే ఉన్న రెండు శిఖరాల మధ్య 0.4 అని గుర్తించి ఉంది, తరంగ వేగం సెకనుకు 20 మీటర్లు అని ఇచ్చి తరంగదైర్ఘ్యం ఎంత అని అడిగారు. పక్కపక్కనే ఉన్న రెండు శృంగాల (శిఖరాల) మధ్య దూరమే తరంగదైర్ఘ్యం అన్న నిర్వచనం నోటికి వచ్చు కాబట్టి, 0.4 మీటర్లు అన్న ఐచ్ఛికాన్ని క్షణం కూడా ఆలోచించకుండా ఎంచుకున్నాను. సరైన సమాధానం 8 మీటర్లు. ఆ గ్రాఫులో అడ్డక్షం కింద ఉన్నది మీటర్లు కాదు, సెకన్లు. అంటే 0.4 అన్నది ఆవర్తన కాలం (ఒక పూర్తి కంపనానికి పట్టే సమయం), దాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది తరంగదైర్ఘ్యం. మార్కు పోవడంతో పాటు నెగెటివ్ మార్కు కూడా పడింది.

దీన్ని తొందరపాటు కింద కొట్టిపారేయవచ్చు, నేనూ మొదట అదే చేశాను. కానీ తప్పులు రాసుకునే నోటు పుస్తకం తిరగేస్తే, తరంగాల మీద అంతకుముందు చేసిన తప్పుల్లో సగానికి పైగా ఇదే కోవలో కనిపించాయి: యానకంలోని (తరంగం ప్రయాణించే పదార్థంలోని) కణం చేస్తున్న పనిని తరంగానికీ, తరంగం చేస్తున్న పనిని కణానికీ అంటగట్టడం. అప్పటి నుంచి ఈ అధ్యాయాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. ఎలా చదివానో ఇక్కడ రాస్తున్నాను.

యానకంలో ఒక చోట కలిగిన అలజడి ముందుకు ప్రయాణిస్తుంది, కణాలు మాత్రం తమ మాధ్య స్థానాల (కదలకముందు ఉన్న చోట్ల) చుట్టూ కంపిస్తూ అక్కడే ఉంటాయి, శక్తి బదిలీ అవుతుంది గాని పదార్థం బదిలీ కాదు. ఈ వాక్యం అందరికీ తెలుసు. దాన్ని కంటితో చూడడానికి పొడవాటి తాడు ఒకటి తీసుకుని, మధ్యలో ఒక చోట ఎర్ర దారం కట్టి, ఒక కొసను బిగించి రెండో కొసను ఒక్కసారి పైకీ కిందికీ విదిల్చాను. మెలిక తాడు పొడవునా పరుగెత్తింది, దారం ఒకసారి పైకి లేచి కిందికి వచ్చి తన చోటనే నిలిచిపోయింది. తాడును ఎంత గట్టిగా విదిల్చినా మెలిక వేగం మారినట్లు కనిపించలేదు. తాడును బిగించి లాగిపట్టుకున్నప్పుడు మాత్రం స్పష్టంగా పెరిగింది. తాడులో తరంగ వేగం, తన్యతను (తాడు బిగువును) ప్రమాణ పొడవుకు ఉండే ద్రవ్యరాశితో భాగించగా వచ్చిన దాని వర్గమూలానికి సమానమన్న సూత్రంలో కంపన పరిమితి (కణం మాధ్య స్థానం నుంచి జరిగే గరిష్ఠ దూరం) ఎందుకు లేదో నాకు ఆ ఐదు నిమిషాల్లో అర్థమైంది.

ఇక గ్రాఫుల సంగతి. స్థానభ్రంశానికీ దూరానికీ మధ్య గీసినది మొత్తం తాడును ఒకే క్షణంలో తీసిన ఫొటో వంటిది. స్థానభ్రంశానికీ కాలానికీ మధ్య గీసినది ఆ ఎర్ర దారం ఒక్కదాన్నే చాలాసేపు గమనించి రాసుకున్న నమోదు. రెండూ ఒకే ఆకారంలో కనిపించడమే అసలు చిక్కు. అందువల్ల గ్రాఫు కనబడగానే వక్రం వైపు చూడకుండా, ముందుగా అడ్డక్షం ప్రమాణానికి పెన్సిలుతో సున్నా చుట్టడం అలవాటు చేసుకున్నాను.

ఫొటో వంటి గ్రాఫు ఇచ్చి ఫలానా కణం ఈ క్షణంలో పైకి పోతోందా, కిందికి పోతోందా అని అడిగే ప్రశ్నలకు ట్రేసింగ్ కాగితం నాకు బాగా పనికివచ్చింది. వక్రాన్ని దాని మీద దించుకుని, తరంగం పోయే దిశలో రెండు మిల్లీమీటర్లు జరిపి చూడాలి. కుడివైపు పోయే తరంగంలో శృంగానికి కొంచెం ముందున్న కణాలు పైకి లేస్తున్నాయని, వెనకనున్నవి దిగుతున్నాయని, శృంగం మీదున్న కణం ఆ క్షణానికి నిశ్చలంగా ఉందని, మాధ్య స్థానం దాటుతున్న కణానికే గరిష్ఠ వేగం ఉందని అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. పదిహేను, ఇరవై గ్రాఫుల తర్వాత కాగితం అవసరం లేకుండా మనసులోనే జరపగలిగాను. కణ వేగం, తరంగ వేగం వేర్వేరని అంకెల్లో చూడడం కూడా మంచిది. కంపన పరిమితి 2 సెంటీమీటర్లు, పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య) 5 హెర్ట్జ్, తరంగదైర్ఘ్యం 80 సెంటీమీటర్లు అయితే తరంగం సెకనుకు 4 మీటర్లు పోతుంది. కణం గరిష్ఠ వేగం మాత్రం 2π, 5, 0.02ల లబ్ధం, అంటే సెకనుకు దాదాపు 0.63 మీటర్లే.

వేగం, పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యాల సూత్రం (వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం) ఎంత చిన్నదో అంతగా మోసం చేస్తుంది. పౌనఃపున్యం పెరిగితే వేగం పెరుగుతుందని దాన్ని చూసి అనుకున్న వాళ్లలో నేనూ ఒకడిని. పౌనఃపున్యాన్ని నిర్ణయించేది జనకం (తరంగాన్ని పుట్టించే వస్తువు), వేగాన్ని నిర్ణయించేది యానకం, ఆ రెండింటికీ సర్దుకుపోవలసింది తరంగదైర్ఘ్యం అని వరుస పెట్టుకున్నాక తికమక పోయింది. 500 హెర్ట్జ్ ధ్వని గాలిలో సెకనుకు 340 మీటర్ల వేగంతో వస్తుంటే దాని తరంగదైర్ఘ్యం 0.68 మీటర్లు. అదే ధ్వని నీటిలోకి ప్రవేశించి సెకనుకు సుమారు 1480 మీటర్ల వేగం అందుకుంటే తరంగదైర్ఘ్యం 2.96 మీటర్లు అవుతుంది. సరిహద్దు దగ్గర గాలి సెకనుకు ఎన్నిసార్లు నెడితే నీరు అన్నిసార్లే కదలాలి కాబట్టి పౌనఃపున్యం మారడానికి వీలులేదు.

రకాల విషయానికి వస్తే, చాలామంది నోట్సుల్లో ఉన్నట్లే నా నోట్సులోనూ యాంత్రిక, విద్యుదయస్కాంత, తిర్యక్, అనుదైర్ఘ్య, పురోగామి, స్థిర తరంగాలన్నీ ఒకే పట్టికలో ఒకదాని కింద ఒకటి ఉండేవి. అది పొరపాటు పద్ధతని నా అభిప్రాయం, ఎందుకంటే అవి మూడు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. ప్రయాణానికి యానకం కావాలా (యాంత్రిక) అక్కర్లేదా (విద్యుదయస్కాంత), కంపనం ప్రయాణ దిశకు లంబంగా ఉందా (తిర్యక్) లేక దాని వెంబడే ఉందా (అనుదైర్ఘ్య), శక్తి ముందుకు సాగుతోందా (పురోగామి) లేక రెండు హద్దుల మధ్య చిక్కుకుందా (స్థిర) అని విడివిడిగా అడగాలి. అప్పుడు గిటారు తీగ మీది కంపనం యాంత్రికమూ, తిర్యక్కూ, స్థిరమూ ఏకకాలంలో ఎలా అవుతుందో ఆశ్చర్యపడనక్కర లేదు.

వీటిలో ఎక్కువసేపు ఆగవలసింది రెండో ప్రశ్న దగ్గర. వాయువులో ధ్వని అనుదైర్ఘ్యమే ఎందుకు కావాలి? తిర్యక్ తరంగం సాగాలంటే, పక్కకు జరిగిన పొరను మళ్లీ వెనక్కి లాగే బలం యానకంలో ఉండాలి. ఘనపదార్థానికి ఆ గుణం ఉంది, ద్రవానికీ వాయువుకూ లేదు. నొక్కితే ఎదురు తిరిగే గుణం మాత్రం మూడింటికీ ఉంది. ఈ ఒక్క కారణం పట్టుబడితే భూకంప తరంగాలు కూడా దానంతటదే తేలిపోతాయి. అనుదైర్ఘ్యాలైన పి తరంగాలు భూమి లోపల అన్నిటి గుండా పోతాయి. తిర్యక్కులైన ఎస్ తరంగాలు సుమారు 2900 కిలోమీటర్ల లోతున మొదలయ్యే బాహ్య కేంద్రాన్ని దాటలేవు. ఆ పొర ద్రవరూపంలో ఉందని చెప్పడానికి ఆధారం అదే. నీటి ఉపరితల తరంగాలను ఈ రెండు గదుల్లో ఏదో ఒకదాంట్లో ఇరికించవద్దు. లోతైన నీటిలో పైపొర కణాలు దాదాపు వృత్తాకారంగా తిరుగుతాయి కాబట్టి అక్కడ రెండు కదలికలూ కలిసి ఉన్నాయి. కాంతి తిర్యక్ తరంగమనడానికి ధ్రువణం (కంపనాలను ఒకే దిశకు పరిమితం చేయగలగడం) సాక్ష్యం. గాలిలోని ధ్వనికి ధ్రువణం లేదు. ఇది తరచుగా అడిగే ప్రశ్న. స్థలకాలంలో పుట్టే అలలైన గురుత్వ తరంగాలను 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరిశోధనా కేంద్రం మొదటిసారి ప్రత్యక్షంగా గుర్తించిందన్న విషయం ఒక వాక్యంగా గుర్తుంటే ఈ స్థాయికి చాలు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కాలం వేధించినది అనుదైర్ఘ్య తరంగాన్ని సైన్ వక్రంగా గీయడం. శృంగం ఉన్న చోట సంపీడనం (కణాలు దగ్గరగా నొక్కుకోవడం) ఉంటుందని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం వదిలించినది ఒక కాగితపు పట్టీ. దాని మీద 20 మిల్లీమీటర్ల ఎడంతో 0 నుంచి 12 వరకు పదమూడు చుక్కలు పెట్టి, గరిష్ఠ స్థానభ్రంశం 10 మిల్లీమీటర్లు అనుకుని, ఒక్కో చుక్కకు 30 డిగ్రీల చొప్పున సైన్ విలువ కట్టి, ధన విలువ వస్తే కుడికీ రుణ విలువ వస్తే ఎడమకూ జరిపి కొత్త చుక్కలు పెట్టాను. మూడో చుక్క పూర్తిగా 10 మిల్లీమీటర్లు జరిగింది, అయినా దాని రెండు పక్కల ఎడాలు 21.3, 18.7 మిల్లీమీటర్లుగా, అంటే ఇంచుమించు మామూలుగానే ఉన్నాయి. ఆరో చుక్క అసలు కదలలేదు, కానీ ఇరుగుపొరుగు చుక్కలు రెండు వైపుల నుంచీ దాని మీదికి వచ్చి ఎడం 15 మిల్లీమీటర్లకు తగ్గింది. 0, 12 చుక్కల దగ్గర ఎడం 25కు పెరిగింది. సంపీడనమూ విరళీకరణమూ (కణాలు ఎడంగా జరగడం) స్థానభ్రంశం సున్నా అయిన చోటనే ఏర్పడతాయని ఆ పట్టీ చెప్పింది. గొట్టం తెరిచిన కొస దగ్గర స్థానభ్రంశానికి ప్రస్పందన బిందువు (మార్పు గరిష్ఠంగా ఉండే చోటు) ఉంటే, పీడనానికి అక్కడే అస్పందన బిందువు (మార్పే లేని చోటు) ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు ఇక వేరే వివరణ వెతుక్కోలేదు.

ధ్వని వేగం సూత్రాన్ని కూడా దాని చరిత్రతో కలిపి చదవమని నా సలహా. సంపీడనాలూ విరళీకరణాలూ ఉష్ణోగ్రత మారకుండా జరుగుతాయని న్యూటన్ భావించాడు. ఆ లెక్కన 0 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో సెకనుకు సుమారు 280 మీటర్లు వస్తుంది. కొలిచిన విలువ 331. ఆ మార్పులు చాలా వేగంగా జరుగుతాయి కాబట్టి వేడి బయటికి పోవడానికి వ్యవధి ఉండదని, అది స్థిరోష్ణక ప్రక్రియ అని లాప్లాస్ సవరించాడు. ఈ సవరణతో వేగాన్ని గామా (వాయువు రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి) వర్గమూలంతో గుణించాలి; గాలికి గామా విలువ 1.4, దాని వర్గమూలం 1.18, దానితో 280ని గుణిస్తే లోటు భర్తీ అవుతుంది. ఉష్ణోగ్రత మారకుండా పీడనం పెరిగితే సాంద్రత కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి వేగం మారదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే సెకనుకు దాదాపు 0.6 మీటర్లు పెరుగుతుంది.

విస్పందనాల (దగ్గరి పౌనఃపున్యాలున్న రెండు ధ్వనులు కలిసినప్పుడు శబ్దం పెరుగుతూ తగ్గుతూ వినిపించడం) మీద నేను పెద్దగా సమయం పెట్టలేదు, రెండు పౌనఃపున్యాల భేదం తీసుకోవడం తప్ప వాటిలో అడిగేది తక్కువ. డాప్లర్ ప్రభావాన్ని (జనకం గాని శ్రోత గాని కదిలితే వినిపించే పౌనఃపున్యం మారడాన్ని) కూడా సూత్రం వచ్చు కదా అని అలాగే వదిలేశాను, అది మాత్రం అసలు పరీక్షలో తగిలింది. ఆ రోజు తరంగాల నుంచి మూడు ప్రశ్నలు వచ్చాయి. గ్రాఫు ప్రశ్నలో అడ్డక్షానికి సున్నా చుట్టి సరిగ్గా చేశాను, తెరిచిన గొట్టంలో పీడనం గురించి అడిగిన దానికి కాగితపు పట్టీ గుర్తుచేసుకుని అర నిమిషంలో సమాధానం గుర్తించాను. మూడోదానిలో 550 హెర్ట్జ్ జనకం సెకనుకు 34 మీటర్ల వేగంతో శ్రోతకు దూరంగా పోతోంది, ధ్వని వేగం 340. హారంలో 374 (340 + 34) వేయవలసిన చోట 306 (340 - 34) వేసి 611 తెచ్చుకున్నాను, ఐచ్ఛికాల్లో అది ఉంది కూడా. దూరమవుతున్న జనకం స్వరం తగ్గి వినిపించాలని, 550 కంటే పెద్ద సంఖ్య రావడానికే వీలులేదని, సమాధానం 500 అని హాలు బయటికి వచ్చాక మెట్లు దిగుతుంటే తట్టింది.