అబీయా తరగతి వంతు ఏ వారం?

2025 అక్టోబరు 12, ఆదివారం

ఆరాధన ముగిసి బయటికొచ్చేసరికి చెట్టుకింద సెమీ క్రిస్మస్ తేదీల బేరం నడుస్తోంది. ఏ రోజు ఎవరి వీధిలో, మైకుసెట్టు ఎవరిది, కేకు ఎన్ని కేజీలు. ఏటా వినిపించే మాట ఈసారి కాస్త ముందే వినిపించింది: "అసలు ప్రభువు పుట్టింది డిసెంబరులో కాదు బ్రదర్, పర్ణశాలల పండుగలో. లెక్కేసి చూపించొచ్చు."

సమయం మాత్రం బాగా కుదిరింది. యూదులకు ఈ వారం ఆ పండుగే, ఏడు రోజులు ఆకుల పందిళ్లలో గడిపేది. వాళ్ల ఏడో నెల తిష్రీ పదిహేనో రోజు మొన్న మంగళవారం పడింది, మన ఆశ్వయుజ పౌర్ణమితో కలిసి. రేపటితో ఏడు రోజులూ పూర్తి. చాంద్రమాన నెలలు, సుమారు మూడేళ్లకోసారి అధికమాసం. పంచాంగం చూసే అలవాటున్న ఇంట్లో ఈ క్యాలెండరు అర్థం కాకపోవడమనేది ఉండదు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను ఇశ్రాయేలు వంశస్థులుగా చెప్పుకునే బెనె ఎఫ్రాయిము కుటుంబాలు యూదు పండుగలు చేసుకుంటాయి కాబట్టి తెలుగు నేలకు ఇది మరీ పరాయి పండుగ కూడా కాదు.

"లెక్కేసి చూపించొచ్చు" అన్న ముక్క దగ్గరే నా పేచీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాగితం ముందేసుకుని మొదటినుంచీ వేశాను.

మూలమంతా లూకా మొదటి అధ్యాయంలో ఉంది. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా యాజకుడు, అబీయా తరగతివాడు. తన వంతులో ఆలయంలో ధూపం వేస్తుండగా కొడుకు పుడతాడని దూత చెప్పాడు; భార్య ఎలీసబెతుకు ఆరో నెలలో అదే దూత గబ్రియేలు మరియ దగ్గరికి వచ్చాడు. దావీదు కాలంలో యాజకులను 24 తరగతులు చేసి చీట్లు వేశారని మొదటి దినవృత్తాంతములు 24లో ఉంది: మొదటి చీటి యెహోయారీబుకు, రెండోది యెదాయాకు, మూడోది హారీముకు, ఎనిమిదోది అబీయాకు. ఒక్కో తరగతికి విశ్రాంతిదినం నుంచి విశ్రాంతిదినం దాకా ఒక వారం వంతు. ఏడాదికి రెండు చుట్లు, అంటే 48 వారాలు. పస్కా, వారముల పండుగ, పర్ణశాలల పండుగ మూడింటికీ అన్ని తరగతులూ హాజరు కావాలి, కలిపితే 51. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, అంటే యాభై వారాల నాలుగు రోజులు. దాదాపు అతికినట్టే ఉంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

వాళ్ల పద్ధతిలోనే వేద్దాం. వాళ్ల మొదటి నెల నీసాను ఒకటిన మొదటి తరగతి సేవకు ఎక్కిందనుకుందాం. మొదటి వారం యెహోయారీబు, రెండో వారం యెదాయా, మూడో వారం పస్కా కాబట్టి అందరూ, నాలుగో వారం హారీము. అలా పోతే అబీయా వంతు తొమ్మిదో వారం, అంటే 57వ రోజు నుంచి 63వ రోజు దాకా. నీసానుకు 30, రెండో నెల ఇయ్యారుకు 29 తీసేస్తే ఇయ్యారు 27 నుంచి మూడో నెల సీవాను 4. పదో వారంలో వారముల పండుగ, దానికీ జెకర్యా ఉండాలి. సీవాను 11కి ఖాళీ అయి, యూదయ కొండసీమలోని ఇల్లు చేరతాడు. ఎలీసబెతు సీవాను మధ్యలో గర్భవతి అయిందనుకుంటే, అయిదు నెలలు దాటి ఆరో నెల నడిచేది ఎనిమిదో నెల మధ్య నుంచి తొమ్మిదో నెల కిస్లేవు మధ్య దాకా. కిస్లేవు 25న మొదలయ్యే ఆలయ ప్రతిష్ఠిత పండుగ, ఇప్పుడు హనుక్కా అంటున్నది, ఆ తర్వాత పది రోజులకు వస్తుంది. గబ్రియేలు మరియ దగ్గరికి వచ్చింది అప్పుడే అంటారు. అక్కడినుంచి తొమ్మిది నెలలు, తిష్రీ 15. పండుగ మొదటి రోజు జననం, ఎనిమిదో రోజు సున్నతి, అది తిష్రీ 22, పండుగ చివర వచ్చే ఎనిమిదో దినపు కూటం. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో!

ఇప్పుడు వేళ్లు మడిచి రోజులు లెక్కపెడితే ముచ్చట తగ్గుతుంది. గర్భధారణ నుంచి కాన్పుకు సగటున 266 రోజులు, అంటే తొమ్మిది చాంద్రమాసాలు. సీవాను 15కి 266 కలిపితే పన్నెండో నెల అదారు 15 వస్తుంది. అది పస్కా కాదు, ఎస్తేరు కథను గుర్తుచేసుకునే పూరీము. యోహాను పస్కాకు పుట్టాడని చెప్పడం ఈ వాదనకు ప్రాణం. ఏలీయా పస్కాకు వస్తాడు, యోహాను ఏలీయా ఆత్మతో వచ్చాడు అని ముడిపెడతారు. పస్కాకు చేరాలంటే ఎలీసబెతు గర్భధారణను ఒక నెల ఆలస్యంగా జరపాలి. జరపొచ్చు కూడా, ఎందుకంటే లూకా "ఆ దినములైన పిమ్మట" అన్నాడే తప్ప ఎన్ని దినాలో చెప్పలేదు. కానీ జరిపే వీలున్నప్పుడు ఒక నెలే ఎందుకు, మూడు నెలలు ఎందుకు జరపకూడదు? ఇంకో మాట, పస్కా బల్ల మీద ఏలీయా గిన్నె పెట్టే ఆచారం మిష్నాలో, అంటే పాతకాలపు రబ్బీల నియమాల సంకలనంలో, లేదు. అక్కడున్నవి నాలుగు గిన్నెలే.

రెండో కొస కూడా అంతే. కిస్లేవు 25 నుంచి తిష్రీ 15కి దాదాపు 285 రోజులు. సగటు కంటే పందొమ్మిది రోజులు ఎక్కువ. హనుక్కా ఎనిమిదో రోజునుంచి లెక్కపెట్టినా 278. అసాధ్యమని అనను, కాన్పులు రెండు వారాలు అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. కానీ "సరిగ్గా పండుగ రోజుకు" అన్నప్పుడు "సరిగ్గా" అనే మాటకు బలమేదీ? మధ్యలో అధిక అదారు పడిందా, మరో ముప్పై రోజులు చేరి లెక్క మొత్తం చెదిరిపోతుంది. ఆ రోజుల్లో అధికమాసాన్ని బార్లీ పంట పక్వాన్ని చూసి న్యాయసభ ప్రకటించేది. క్రీస్తుపూర్వం 7 నుంచి 4 దాకా ఏ ఏడు అధికమాసం పడిందో చెప్పే పట్టిక లేదు. యేసు పుట్టినప్పుడు రాజుగా ఉన్న హేరోదు మరణం 4లో అని ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకుంటారు కాబట్టి వెతకాల్సింది ఆ ఏళ్లలోనే.

ఇంతవరకూ మొదటి చుట్టు సంగతి. జెకర్యా ధూపం వేసింది రెండో చుట్టులో అయితే? అదే పద్ధతిలో ముందుకు పోతే అబీయాకు మళ్లీ వంతు 35వ వారం, కిస్లేవు 3 నుంచి 9. అప్పుడు యేసు జననం పదకొండో నెల షెబాతు మధ్యకో ఆ తర్వాతికో పోతుంది, అంటే జనవరి చివరో ఫిబ్రవరో. ఏ చుట్టో లూకా చెప్పడు. పైగా చుట్టు నీసానులోనే మొదలైందని దినవృత్తాంతములు కూడా చెప్పదు. సొలొమోను మందసాన్ని ఆలయంలోకి తెచ్చింది ఏడో నెలలో కాబట్టి తిష్రీ నుంచి మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. వంతులు ప్రతి ఏడూ మొదటికి వచ్చేవా, లేక ఆగకుండా తిరుగుతూ పోయేవా? ఆగకుండా తిరిగితే చుట్టుకు 168 రోజులు, రెండు చుట్లకు 336. అంటే మామూలు ఏడాదిలో ప్రతి తరగతీ పద్దెనిమిది రోజులు ముందుకు జరుగుతుంది, అధికమాసం పడిన ఏడాదిలో నలభై ఎనిమిది. మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో దొరికిన వంతుల జాబితాలు ఈ రకానివే: వాళ్ల సంవత్సరం 364 రోజులు, అంటే 52 వారాలు, ఆరేళ్లకు 312 వారాలు, అది పదమూడు చుట్లకు సరిగ్గా సమానం. ఆరేళ్లకోసారి గాని వంతు పాత తేదీకి రాదు. యెరూషలేము ఆలయం ఆ క్యాలెండరు వాడలేదు సరే, కానీ వంతులు తిరుగుతూ పోవడమనేది ఆనాటి యాజకులకు తెలిసిన పద్ధతేనని దీంతో తేలుతుంది. ఆలయం కాలిన అబ్ తొమ్మిదిన యెహోయారీబు తరగతి సేవలో ఉందని, మిష్నా మీది వ్యాఖ్యానమైన తాల్ముదులో, తానీత్ భాగంలో ఒక మాట ఉంది. 70వ సంవత్సరం నుంచి వెనక్కి లెక్కపెట్టేవాళ్లు దాన్నే మేకులా వాడతారు. డెబ్బై అయిదేళ్ల వెనక్కి పోవాలి, దారిలో ప్రతి పండుగ వారాన్నీ కలపాలా వదలాలా తేల్చుకోవాలి.

డిసెంబరు పక్షంవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. 386 ప్రాంతంలో అంతియొకయలో సంఘ బోధకుడు యోహాను క్రిసోస్తొము డిసెంబరు 25ను సమర్థించింది ఇదే జెకర్యాతో. ఆయన జెకర్యాను ప్రధాన యాజకుడిగా తీసుకుని, ధూపం వేసింది ప్రాయశ్చిత్తార్థ దినాన అన్నాడు; అక్కడినుంచి ఆరు నెలలకు మార్చి, మరో తొమ్మిదికి డిసెంబరు. లూకా రాసింది మాత్రం మామూలు యాజకుడి గురించి, చీటిలో ధూపం వేసే వంతు వచ్చినవాడి గురించి. ప్రధాన యాజకుడికి చీటితో పనేముంది? ఒకే జెకర్యాను పట్టుకుని ఒకరు అక్టోబరుకు, ఒకరు డిసెంబరుకు చేరారు.

లెక్క పక్కన పెడితే, పండుగ వాదనలో నాకు నచ్చేది యోహాను 1:14. తెలుగు బైబిల్లో "మనమధ్య నివసించెను" అని ఉన్నచోట గ్రీకు మాట ఎస్కీనోసెన్, అంటే గుడారం వేసుకున్నాడని. "నివసించెను"లో ఆ గుడ్డ, ఆ తాళ్లు కనబడవు. పర్ణశాలల పండుగ గ్రీకు పేరు కూడా ఆ ధాతువు నుంచే. కాకపోతే ఆ వాక్యం వెంటనే "మహిమ" గురించి మాట్లాడుతుంది కాబట్టి యోహాను మనసులో ఉన్నది అరణ్యంలోని ప్రత్యక్ష గుడారమే అనిపిస్తుంది, ఇంటిమీది ఆకుల పందిరి కాదు. మంచి ధ్వని అది. దాన్ని పుట్టినరోజు ధ్రువపత్రంగా వాడకూడదు.

సత్రం సంగతి అలా కాదు, అక్కడ మన అనువాదమే తప్పుదోవ పట్టిస్తుంది. "సత్రములో వారికి స్థలము లేనందున" అనగానే పండుగ రద్దీ కళ్లకు కడుతుంది: యెరూషలేము నిండిపోయి, తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని బేత్లెహేము దాకా జనం పొర్లిపోయారని. గ్రీకులో ఉన్నది కటాలుమ. అదే మాట ప్రభువు చివరి భోజనం దగ్గర వస్తే మన బైబిల్లో "విడిది గది" అయింది. మంచి సమరయుని కథలో డబ్బు తీసుకునే చోటుకు వేరే మాట, దాన్ని పూటకూళ్లవాని యిల్లు అన్నారు. కాబట్టి బేత్లెహేములో నిండినది బంధువుల ఇంటి విడిది గది కావచ్చు, దానికి పండుగ జనం అక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే, పర్ణశాలల పండుగలో ఇంటివాళ్లు పందిట్లో తిని పందిట్లోనే పడుకోవాలి. గదులు ఖాళీ అవ్వాలి కదా!

కాపరుల మాటకొస్తే, బేత్లెహేము ఎత్తు సుమారు 775 మీటర్లు, వానలు శీతాకాలంలోనే, డిసెంబరు రాత్రులు గట్టిగా చలి. "ఆ చలిలో మందలు బయట ఉండవు" అనేవాళ్లు తాల్ముదులో బేసా భాగం చూపిస్తారు: పస్కాకు బయటికి వెళ్లి తొలి వానకు ఇంటికొచ్చే పశువులు. అదే పుటలో రబ్బీ మాట కూడా ఉంది, ఎండాకాలమైనా వానాకాలమైనా ఊళ్లోకి రాని మందలున్నాయని. సగం పుట చదివి ఆపేస్తే ఎలా? తిష్రీ ఒకటిన వచ్చే బూరల పండుగకు పుట్టాడనే ఇంకో వాదనైతే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ప్రకటన 12లో సూర్యుణ్ణి ధరించి, పాదాల కింద చంద్రుడున్న స్త్రీని కన్యారాశిగా చదివి, క్రీస్తుపూర్వం 3 సెప్టెంబరు 11 అంటారు. సూర్యుడు కన్యలో ఉండగా అమావాస్య వచ్చి నెలవంక కిందికి జరగడం ఏటా జరిగేదే. పైగా హేరోదు అప్పటికి బతికి ఉండాలి.

పొద్దు వాలేదాకా వదలనిది ఇంకొకటుంది. పండుగ తెలిస్తే లూకా చెప్పేస్తాడు. పన్నెండేళ్ల యేసు ఆలయానికి వెళ్లింది పస్కాకు అని చెప్పాడు. అపొస్తలుల కార్యములలో పెంతెకొస్తు, పులియని రొట్టెల దినాలు, ఆఖరికి 27:9లో ఓడ ప్రయాణపు ప్రమాదం చెబుతూ ఉపవాసదినం దాటిపోయిందని కూడా రాశాడు. జననానికి మాత్రం సీజరు ఆజ్ఞ, ప్రజాసంఖ్య, కురేనియు పేరు ఇచ్చి ఊరుకున్నాడు.

పండుగలో బిడ్డ పుడితే ఏం జరిగేదో తెలుసుకోవడానికి మిష్నాలో ఒక సంఘటన ఉంది, సుక్కా రెండో అధ్యాయం చివర. స్త్రీలకూ పసివాళ్లకూ పందిట్లో ఉండే నియమం లేదు. అయినా హేరోదు కాలపువాడైన షమ్మయి, కోడలు ఆ పండుగలో ప్రసవిస్తే, ఇంటి పైకప్పు గారను పగలగొట్టించి, మంచానికి సరిగ్గా పైన ఆకులు కప్పించాడు, మనవడి కోసం. లూకా రెండో అధ్యాయం సాయంత్రం మళ్లీ చదివాను. తొట్టి ఉంది, పొత్తిగుడ్డలున్నాయి, మంద ఉంది, రాత్రి ఉంది. ఒక్క ఆకు కూడా లేదు.