రాత్రంతా కథ వినే ఓపిక

ఫోన్ టైం తింటుందని అందరం అంటం గానీ నాకైతే టైం కన్నా ధ్యాస పోవుడే పెద్ద నష్టం అనిపిస్తది. మా దిక్కు ఒగ్గు కథ అంటే, మల్లన్న కథో బీరప్ప కథో, డోలు కొట్టుకుంట రాత్రంతా చెప్తరు, ముసలోళ్లు తెల్లారేదాకా కూసుని ఇంటరు. మొన్న జనగామ దగ్గర ఒక ఊర్ల చూసిన, కథ మంచి పట్టుమీద ఉన్నప్పుడే ముందు కూసున్న పిల్లగాండ్లు ఒక ముక్క రికార్డు చేసి స్టేటస్ పెట్టి, ఇగ దాన్ని ఎవరెవరు చూసిన్రో చూసుకుంటనే ఉన్నరు, ఎదురుంగ కథ నడుస్తనే ఉన్నది.

వాళ్లను తిట్టబుద్ధి కాలే. గ్లోరియా మార్క్ అని కాలిఫోర్నియాల ప్రొఫెసర్, 2004ల ఆమె కొలిస్తే మనుషులు ఒక స్క్రీన్ మీద సగటున 150 సెకన్లు ఆగిన్రట, ఈమధ్య అది 47కు పడ్డది. అంటే పెద్దోళ్లం కూడా గట్లనే ఉన్నం. ఎంత జరిపినా అయిపోని ఫీడు, దానంతటదే మొదలయ్యే వీడియో, ఇవన్నీ మనల్ని లేవనియ్యకుండ చేసినవే కదా.

ఒగ్గు కథల పొద్దుగూకినప్పుడు చెప్పిన మాట నడిరాత్రి వచ్చి అతుకుతది, మొదటి నుంచి ఇన్నోళ్లకే అప్పుడు కండ్లల్ల నీళ్లొస్తయి. ముప్పై సెకన్ల ముక్కల అది రానే రాదు. వచ్చే కొమురెల్లి మల్లన్న జాతరకు మా చెల్లె కొడుకును ఒగ్గు కథ ఇననీకి తీస్కపోత, సగం రాత్రి కూసున్నా నాకు సంతోషమే.