ఎస్‌డీఎల్ బిల్డ్ అయింది, మరి ఒత్తులేవి?

సీ లైబ్రరీని (వేరే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్‌ని) సోర్స్ నుంచి బిల్డ్ చేసేటప్పుడు, అంటే మూల కోడ్‌ని మన మెషీన్‌లోనే నడిచే రూపంలోకి మార్చుకునేటప్పుడు, అందరి కళ్లూ చివరి లైను మీదే ఉంటాయి. వంద శాతం అని వచ్చిందా, ఎర్రర్ ఏదీ రాలేదా, ఇంకేం, పని అయిపోయినట్టే అనుకుంటాం. నన్నడిగితే మొదట్లో, మెషీన్‌లో ఏమేం ఉన్నాయో వెతికే కాన్ఫిగర్ స్టెప్పులో గబగబా పైకి వెళ్లిపోయే ఆ పొడవాటి జాబితానే అసలు చదవాల్సింది. ఏది దొరికింది, ఏది దొరకలేదు, ఏది ఆపేశారు అన్నదంతా అక్కడే ఉంటుంది. దాన్ని చదవకుండా ముందుకెళితే ఏమవుతుందో తెలుగువాళ్లకి చూపించడానికి ఎస్‌డీఎల్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఎస్‌డీఎల్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. శామ్ లాంటింగా 1998లో మొదలుపెట్టిన లైబ్రరీ ఇది. విండో తెరవడం, బొమ్మ గీయడం, సౌండ్, కీబోర్డు, జాయ్‌స్టిక్, ఇవన్నీ లైనక్స్, విండోస్, మాక్, ఆండ్రాయిడ్, ఐఓఎస్ అన్నిటిలో ఒకే సీ కోడ్‌తో నడిపిస్తుంది. రెండో వెర్షన్ 2013లో వచ్చింది, అప్పటి నుంచి జీలిబ్ లైసెన్స్ కాబట్టి అమ్ముకునే యాప్‌లో పెట్టుకున్నా ఇబ్బంది లేదు. మూడో వెర్షన్ స్థిరమైన విడుదల 2025 జనవరిలో వచ్చింది. పాత కాన్ఫిగర్ స్క్రిప్టు పద్ధతి అందులో తీసేశారు, ఇప్పుడు బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్ అనే టూల్‌తోనే బిల్డ్ చేస్తాం.

నేను దీన్ని వాడుతున్నది పిల్లలకి ఒత్తులు నేర్పే ఒక చిన్న ప్రోగ్రాం కోసం. అక్షరం పెద్దగా కనిపించాలి, దాని కింద ఒత్తు వచ్చి చేరాలి, పిల్లలు దాన్ని వేలితో తాకాలి. తెర మీద అక్షరాలు చూపించడానికి ఎస్‌డీఎల్ ఒక్కటే చాలదు, ఎస్‌డీఎల్ టీటీఎఫ్ అనే తోడు లైబ్రరీ కావాలి. దానికి ఫాంటు ఫైలు చదివి అక్షరం బొమ్మ తయారుచేసే ఫ్రీటైప్ కావాలి. మన భాష దగ్గరికొచ్చేసరికి నాలుగోది కూడా కావాలి, అదే అక్షరాలనూ ఒత్తులనూ కలిపి సరైన రూపంలో పేర్చే హార్ఫ్‌బజ్. ఈ పనినే షేపింగ్ అంటారు. ఇంగ్లిష్ మాత్రమే చూపించేవాళ్లకి ఇది లేకపోయినా పెద్దగా తేడా తెలియదు. అందుకే చాలా ట్యుటోరియల్స్‌లో దీని పేరే కనిపించదు.

తేడా ఏంటో 'స్త్రీ' అనే ఒక్క పదం పెట్టి చూడండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. హార్ఫ్‌బజ్ లేకుండా బిల్డ్ చేసిన లైబ్రరీ ఆ ఆరింటికీ ఫాంటులో ఆరు బొమ్మలు వెతికి వరసగా పేర్చేస్తుంది. స తలకట్టు అలాగే ఉండి దాని మీద పొల్లు పడుతుంది, పక్కన త మీదా అంతే, ఆ పక్కన ర నెత్తిన గుడిదీర్ఘం వచ్చి కూర్చుంటుంది. మనం రాసేది అలాగా? చివర్లో టైప్ చేసిన గుడిదీర్ఘం వెనక్కి వెళ్లి మొదటి స మీద చేరాలి, త ఒత్తుగా మారి కిందికి దిగాలి, ర క్రారవడిగా మారాలి. ఆ సూచనలన్నీ ఫాంటులోనే ఉంటాయి, నోటో సాన్స్ తెలుగులో ఉన్నాయి, మండలిలో ఉన్నాయి, రామభద్రలో ఉన్నాయి. వాటిని చదివి అమలు చేసేది హార్ఫ్‌బజ్. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో మీరు రోజూ చూసే తెలుగు వెనక ఉన్నది ఇదే.

ఇక్కడ నన్ను బాగా ఇబ్బంది పెట్టే విషయం ఏంటంటే, హార్ఫ్‌బజ్ లేకుండా బిల్డ్ అయితే ఎర్రర్ రాదు, ప్రోగ్రాం నడుస్తుంది, తెర మీద తెలుగు అక్షరాలు కూడా కనిపిస్తాయి, కానీ తప్పుగా కనిపిస్తాయి. తెలుగు రాని టెస్టర్‌కి అది తప్పని కూడా తెలియదు. ఒత్తులు విడిపోయిన తెలుగు బోర్డుల మీదా, సినిమా పోస్టర్ల మీదా, టీవీ గ్రాఫిక్స్‌లోనూ ఎన్నిసార్లు చూశాం! వాటిలో కొన్నిటి వెనకైనా షేపింగ్ చేయని సాఫ్ట్‌వేరే ఉంటుందని నా నమ్మకం.

సరే, పని దగ్గరికి వద్దాం. నేను లైనక్స్‌లో మొదలుపెడతాను, అక్కడ అన్నీ కళ్లముందు కనిపిస్తాయి కాబట్టి. కంపైలర్, సీమేక్, బిల్డ్‌ని నడిపే నింజా ఉంటే సరిపోదు, డెవ్ ప్యాకేజీలు కూడా ముందే వేసుకోవాలి. విండోలకి ఎక్స్11, వేలాండ్, కీబోర్డుకి ఎక్స్‌కేబీకామన్, సౌండ్‌కి ఆల్సా, పల్స్ ఆడియో, వీటి హెడర్ ఫైళ్లు (లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నాయో కంపైలర్‌కి చెప్పేవి, డెవ్ ప్యాకేజీల్లో వస్తాయి) మెషీన్‌లో ఉంటేనే ఎస్‌డీఎల్ ఆ భాగాలను కంపైల్ చేస్తుంది. అసలు లైబ్రరీలను మాత్రం ప్రోగ్రాం నడిచేటప్పుడు వెతికి లోడ్ చేసుకుంటుంది. అంటే వేలాండ్ హెడర్లు లేని మెషీన్‌లో బిల్డ్ చేస్తే, ఆ లైబ్రరీని వేలాండ్ ఉన్న మెషీన్‌కి తీసుకెళ్లినా అందులో వేలాండ్ సపోర్టు ఉండదు. రెండో వెర్షన్ అయితే ఎక్స్11, వేలాండ్ రెండూ లేకపోయినా కిక్కురుమనకుండా బిల్డ్ అయిపోయేది, తర్వాత విండో తెరవబోతే వీడియో డివైస్ ఏదీ లేదనేది. మూడో వెర్షన్ వాళ్లు దీన్ని సరిచేశారు. రెండూ దొరకకపోతే కాన్ఫిగర్ దగ్గరే ఆపేసి, నిజంగా విండోలు లేని కన్సోల్ బిల్డే కావాలంటే ఆ ఆప్షన్ మీరే ఇవ్వండి అని చెబుతుంది. ప్రతి లైబ్రరీ ఇలాగే ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

సీమేక్‌ని సోర్స్ ఫోల్డర్‌లోనే నడపకండి, పక్కన బిల్డ్ అని వేరే ఫోల్డర్ పెట్టండి, ఏదైనా తేడా వస్తే ఆ ఫోల్డర్ తీసేస్తే చాలు. ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్ (లైబ్రరీని ఏ ఫోల్డర్‌లో పెట్టాలన్నది) కూడా మొదట్లోనే ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే యూఎస్‌ఆర్ లోకల్ అనే సిస్టమ్ ఫోల్డర్‌లోకి వెళుతుంది, దానికి సుడో (అడ్మిన్ అనుమతి) కావాలి, పైగా మీ లైనక్స్ డిస్ట్రో (ఉబుంటు లాంటిది) ఇచ్చిన ఎస్‌డీఎల్ కూడా అదే మెషీన్‌లో ఉంటే మిగతా ప్రోగ్రాములు ఒక్కోసారి మీ కొత్తదాన్ని పట్టుకుంటాయి. నేను హోమ్ డైరెక్టరీలో ఈ ప్రాజెక్టుకి ఒక ఫోల్డర్ పెట్టి నాలుగు లైబ్రరీలనూ అందులోకే ఇన్‌స్టాల్ చేస్తాను. వద్దనుకుంటే ఫోల్డర్ మొత్తం తీసేయొచ్చు, సిస్టమ్‌లో ఏదీ కదలదు. ఇప్పటికే యూఎస్‌ఆర్ లోకల్‌లో వేసేసినవాళ్లు బిల్డ్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ మానిఫెస్ట్ అనే టెక్స్ట్ ఫైలు చూడండి, ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో లైను లైనుగా ఉంటుంది.

వరస కూడా ముఖ్యం. ఫ్రీటైప్‌కీ హార్ఫ్‌బజ్‌కీ మధ్య ఒక చిక్కుముడి ఉంది, ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని. ఫ్రీటైప్ తన ఆటోహింటింగ్ (చిన్న సైజులో అక్షరం స్పష్టంగా కనిపించేలా సర్దడం) కోసం హార్ఫ్‌బజ్‌ని వాడుకోగలదు, హార్ఫ్‌బజ్ ఫాంటు కొలతల కోసం ఫ్రీటైప్‌ని వాడుకుంటుంది. అందుకని ముందు హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్, తర్వాత ఫ్రీటైప్ సపోర్టు ఆన్ చేసి హార్ఫ్‌బజ్. కావాలంటే ఫ్రీటైప్‌ని మళ్లీ ఒకసారి బిల్డ్ చేసుకోవచ్చు గానీ తెలుగు షేపింగ్‌కి ఆ అవసరం లేదు. తర్వాత ఎస్‌డీఎల్, అన్నిటికన్నా చివర్లో ఎస్‌డీఎల్ టీటీఎఫ్. దీనికి సీమేక్ ప్రిఫిక్స్ పాత్‌లో (లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగులో) మీ ఫోల్డర్ పేరు ఇచ్చి, హార్ఫ్‌బజ్ ఆప్షన్ ఆన్ అని మీ చేత్తో రాయండి, డిఫాల్ట్‌కి వదిలేయకండి. ఇదంతా టెన్షన్ అనిపిస్తే వెండర్డ్ ఆప్షన్ ఒకటుంది, గిట్ సబ్‌మాడ్యూల్స్‌గా (సోర్స్‌కి జతగా తెచ్చుకునే ఉప ప్రాజెక్టులుగా) వచ్చే ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్‌లనే తీసుకుని బిల్డ్ చేసేస్తుంది. సబ్‌మాడ్యూల్స్ తెచ్చుకోకుండా ఆ ఆప్షన్ ఇస్తే మాత్రం పని జరగదు.

బిల్డ్ అయ్యాక అనుమానం తీర్చుకునే దారి ఎస్‌డీఎల్ టీటీఎఫ్‌లోనే ఉంది. హార్ఫ్‌బజ్ వెర్షన్ ఎంత అని అడిగే ఫంక్షన్ ఒకటి ఇచ్చారు. హార్ఫ్‌బజ్ లేకుండా బిల్డ్ అయి ఉంటే మూడు సున్నాలు వస్తాయి. నా ప్రోగ్రాం మొదలవగానే ఆ ఫంక్షన్‌ని పిలిచి, సున్నాలొస్తే అక్కడే ఆగిపోయేలా రాశాను. పిల్లలకి తప్పు అక్షరం చూపించడం కన్నా ప్రోగ్రాం తెరుచుకోకపోవడమే నయం.

ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోకి వెళ్లి చూస్తే ఒకే లైబ్రరీకి మూడు పేర్లు కనిపిస్తాయి. నంబర్లు లేకుండా ఎస్‌ఓ అని ముగిసేది ప్రోగ్రాంని లైబ్రరీతో కలిపే లింకర్ కోసం. చివర సున్నా ఉన్నది ప్రోగ్రాం నడిచేటప్పుడు వెతికే పేరు. పూర్తి నంబరు ఉన్నదే అసలు ఫైలు, మిగతా రెండూ దాన్ని చూపించే లింకులు. కంపైల్ బాగానే అయి, నడిపేటప్పుడు మాత్రం షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైలు తెరవలేకపోతున్నాం అని వచ్చిందంటే రెండో పేరు దొరకలేదన్నమాట. ఉబుంటులో యూఎస్‌ఆర్ లోకల్ కింద వేసి ఉంటే లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ ఒకసారి నడిపితే సరిపోతుంది. నాలా సొంత ఫోల్డర్ అయితే ప్రోగ్రాంని లింక్ చేసేటప్పుడే ఆర్‌పాత్ (లైబ్రరీ ఎక్కడుందో ప్రోగ్రాంలోనే రాసిపెట్టే దారి) ఇవ్వడం శుభ్రమైన పద్ధతి. లైబ్రరీలు వెతికే చోటు చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ని, టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే బాష్ఆర్‌సీ ఫైలులో శాశ్వతంగా పెట్టేయమని చాలామంది సలహా ఇస్తారు, దయచేసి పెట్టకండి, అది ఆ టెర్మినల్ నుంచి మీరు నడిపే ప్రతి ప్రోగ్రాంనూ తాకుతుంది.

మాక్‌లో చూసుకోవాల్సింది ఒకటే, ఆర్కిటెక్చర్, అంటే ప్రాసెసర్ రకం. ఎం సిరీస్ మెషీన్లలో హోమ్‌బ్రూ (ప్యాకేజీలు వేసే టూల్) తన లైబ్రరీలను ఆప్ట్ కింద పెడుతుంది, ఇంటెల్ వాటిలో యూఎస్‌ఆర్ లోకల్ కింద. పాత మెషీన్ నుంచి ఫైళ్లన్నీ కొత్తదానికి మార్చుకున్నవాళ్ల దగ్గర రెండూ ఉంటాయి, సీమేక్ పాతదాన్ని పట్టుకుంటే లింకర్ ఆర్కిటెక్చర్ సరిపోలేదంటుంది.

విండోస్‌లో ఆర్‌పాత్ లాంటిదేం లేదు. డీఎల్‌ఎల్ ఫైళ్లను (విండోస్‌లో లైబ్రరీలు) ఈఎక్స్ఈ పక్కనే పెట్టడం అన్నిటికన్నా సులువు. సొంతంగా బిల్డ్ చేసే ఓపిక లేకపోతే లైబ్రరీలు తెచ్చిపెట్టే వీసీపీకేజీ గానీ ఎంసిస్2 గానీ వాడుకోండి, తప్పేం లేదు, కానీ ఏది వాడినా ఆ వెర్షన్ ఫంక్షన్‌తో హార్ఫ్‌బజ్ ఉందో లేదో చూసుకోండి. ఇంకోటి, మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో బిల్డ్ చేసేవాళ్లు యూటీఎఫ్-8 ఫ్లాగ్ మర్చిపోకండి. సోర్స్ ఫైలు బామ్‌తో (ఫైలు మొదట్లో ఉండే యూనికోడ్ గుర్తుతో) సేవ్ అయి ఉండి ఆ ఫ్లాగ్ లేకపోతే, కోట్స్ మధ్య రాసిన తెలుగుని కంపైలర్ సిస్టమ్ కోడ్‌పేజీలోకి (విండోస్ పాత అక్షరాల పట్టికలోకి) మార్చబోయి ప్రశ్నార్థకాలు చేసేస్తుంది. అక్కడ హార్ఫ్‌బజ్ ఎంత బాగున్నా లాభం లేదు, దాని దాకా తెలుగు వస్తేగా.

ఫాంటు మార్చినా, లైబ్రరీ వెర్షన్ మార్చినా నేను తెర మీద వేసి చూసే పదాలు ఇవి: స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి, కర్త్రి, వాఙ్మయం. కావాలంటే కాపీ చేసుకోండి. వీటిలో విరిగిన పదం ఏదైనా కనిపిస్తే ముందు ఫాంటు మార్చి చూడండి, అప్పుడూ అలాగే ఉంటే కాన్ఫిగర్ జాబితా తెరవండి.