డోరు ఒక్కటే అనుకున్నా

ఆటో ఒకటి రాసుకుంటూ పోయి నా కారు వెనక డోరు సొట్టపడింది. విజయవాడ ఆటోనగర్‌లో చూపిస్తే మేస్త్రీ, "డెంటింగ్, పుట్టీ, ప్రైమర్, బేస్ కోట్, క్లియర్ కోట్... ముందు డోరుకీ బ్లెండింగ్ చేయాలి సార్" అన్నాడు. బాగున్న డోరుకి రంగెందుకు, బిల్లు పెంచడానికేగా అనుకున్నా.

ఆయన వాదించలేదు. కలిపిన సిల్వర్ రంగు ఓ రేకు ముక్క మీద కొట్టి, ఎండలో డోరు పక్కన పెట్టాడు. పెయింట్ కోడ్ (కంపెనీ ఆ రంగుకిచ్చిన నంబరు) ఒకటే, తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించింది! మెటాలిక్ రంగులో సన్నటి అల్యూమినియం రజను ఉంటుంది కదా, స్ప్రే గన్ పట్టుకునే దూరాన్ని బట్టి కూడా షేడ్ మారిపోతుందట. అందుకే పక్క డోరు మీదికి రంగు పల్చగా లాగి కలిపేస్తారు, అదే బ్లెండింగ్.

సొట్ట పూడ్చిన పుట్టీ ఆరాక మేస్త్రీ కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరాడు. "ఇక్కడింకా మిట్టగా ఉంది" అంటూ మళ్ళీ నునుపుగా రుద్దే వాటర్ పేపర్ అందుకున్నాడు. నాకైతే ఏమీ తగల్లేదు.