వోచర్ ఫైల్‌లో నాలుగు చేతిరాతలు

2021 జులై ఆఖరు. రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిన వారం. అందరి వాట్సాప్ స్టేటస్‌లో ఆ గుడే. కరోనా రెండో వేవ్‌లో పని పోయి మూడు నెలలు ఇంట్లో కూర్చున్న నేను, హన్మకొండలో ఒక డీలర్‌షిప్ ఆఫీసుకు అకౌంటెంట్ ఇంటర్వ్యూకు పోయాను.

మేనేజర్ ఇరవై నిమిషాలు మాట్లాడితే అందులో పదిహేను నిమిషాలు నాకంటే ముందు పనిచేసినవాళ్ల గురించే. ఒకడు దొంగ. ఒకడికి లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ రాదు. ఒకామె పెళ్లి కుదరగానే చెప్పకుండా పోయింది. వింటూ లోపల మురిసిపోయాను. ఇంతమంది పనికిరానివాళ్ల తర్వాత వస్తున్నాను కదా, నా విలువ తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ వరసలో నాలుగోవాణ్ణి నేనేనని తట్టలేదు.

చేరిన రోజే టెన్త్ మెమో, డిగ్రీ ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టాడు. "సేఫ్టీ కోసం తమ్మీ" అన్నాడు. ఎవరి సేఫ్టీయో నేను అడగలేదు. ఆర్నెల్లు తిరిగేసరికి జీతాల్లో పీఎఫ్ కోసి, కట్టకుండా ఆపమనడం మొదలుపెట్టాడు. పీఎఫ్ కట్టాల్సిన గడువు 15వ తారీఖు దాటిపోయేది, మళ్లీ 15 వచ్చేది. కోసింది నేనే, ఆపింది నేనే. అందులో నా పైసలు కూడా ఉన్నాయి. స్టాఫ్‌లో ఎవరైనా "అన్నా, పాస్‌బుక్‌లో పడలేదేంది?" అని అడిగితే సర్వర్ ప్రాబ్లం అని చెప్పేవాణ్ణి. దాని గురించి ఇంకెప్పుడైనా రాస్తాను, ఇప్పుడు రాయబుద్ధి కావట్లేదు.

2023 చివర్లో మానేశాను. ఒరిజినల్స్ కోసం నాలుగుసార్లు తిరిగాను. చివరికి మా బావను వెంటబెట్టుకుని పోయి, ఆ బీరువా ముందు కుర్చీలు వేసుకుని పొద్దంతా కూర్చుంటే ఇచ్చాడు. మెమో మీద టీ మరక పడింది. ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత ఇంటర్వ్యూకు పోయే తీరు మార్చుకున్నాను. నాకు మనుషుల మొహాలు చదవడం రాదు. నవ్వుతూ మాట్లాడితే చాలు ఎవడైనా మిమ్మల్ని బుట్టలో వేస్తాడు అంటుంది మా ఆవిడ. నిజమే. కాకపోతే కాగితాలు చదవడం వచ్చు, పదేళ్లుగా అదే పని. మేనేజర్ ఎట్లాంటివాడో కూడా కాగితాల్లోనే వెతకాలనుకున్నాను.

పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌వో సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఉంటుంది. సంస్థ పేరు కొడితే, ఏ నెల పీఎఫ్ ఏ తేదీన జమ అయిందో, ఎంతమంది పేరున కట్టారో వస్తుంది. లాగిన్ కూడా అక్కర్లేదు. 20 మంది ఉన్న సంస్థ పీఎఫ్ కిందికి రావాల్సిందే, ఒకసారి వచ్చాక మనుషులు తగ్గినా బయటపడలేదు. అందుకే ఆ పట్టిక ఒక్కటి చూస్తే చాలు, ఆఫీసు లోపలి గాలి కొంత తగులుతుంది. డబ్బు 15లోపు పడుతోందా, మూడు నెలలకోసారి కుప్పగా పడుతోందా? మనుషుల లెక్క నిలకడగా ఉందా, జారుతోందా? ఇంటర్వ్యూకు పోయే ముందు రాత్రి ఫోన్లో ఇది చూసుకోవడం నాకు అలవాటైంది.

మొదట ఉప్పల్ దగ్గర ఒక కంపెనీ పిలిచింది. పొద్దున్నే హన్మకొండలో బస్సెక్కి పోతే మూడు గంటలు బయట కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, రెండేళ్లు మానేయనని బాండు, దాంతోపాటు సంతకం పెట్టిన ఖాళీ చెక్కు అడిగారు. బీకామ్‌లో చదివిన బిజినెస్ లా అక్కడ పనికొచ్చింది. 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండులో ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది సబబైన పరిహారమే, రాసిందంతా కాదు. చెక్కు సంగతి వేరు. వాడు అంకె వేసుకుని బ్యాంకులో వేసి, అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు మన మెడకు చుట్టుకుంటుంది. "ఇంట్లో అడిగి చెప్తా సార్" అని లేచి తిరుగు బస్సెక్కాను.

రెండోది ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక వ్యాపార సంస్థ. 2024 మార్చి మొదటి వారం. మిర్చి సీజన్, గేటు దగ్గర నుంచే ఘాటు, తుమ్ముకుంటూ లోపలికి పోయాను. 28 వేలు ఇస్తామన్నారు. పాత జీతం 22. పీఎఫ్ పట్టికలో ఏడాది కింద 31 మంది, మొన్నటి నెలకు 19. అయినా ఆ 28 నా చెవిలో మోగుతూనే ఉంది.

మార్చిలో అకౌంటెంట్ కుర్చీ ఖాళీగా ఉండటమే నాకు మొదటి అనుమానం. ఇయర్ ఎండింగ్ ముందర పెట్టుకుని ఎవరూ పోరు. పోవాలనుకున్నవాడు కూడా ఏప్రిల్ దాకా ఓర్చుకుని, ఇంక్రిమెంట్ సంగతి తేలాక పోతాడు. మధ్యలో లేచిపోయాడంటే ఓర్చుకోలేకే పోయి ఉంటాడు.

మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. "మాది ఫ్యామిలీ లెక్క ఉంటది తమ్మీ, టైమ్ చూసుకునేటోళ్లు మాకొద్దు." నేను తలూపాను. పరీక్ష కోసమని ఒక వోచర్ ఫైల్ నా ముందుకు తోసి, తప్పులుంటే పట్టమన్నాడు. ఇంతలో ఫోన్ వస్తే మాట్లాడుతూ కిటికీ దగ్గరికి పోయాడు.

చేత్తో రాసిన పేమెంట్ వోచర్లు, ఏప్రిల్ నుంచి వరసగా. నేను తప్పుల కోసం తిప్పుతున్నాను కానీ కళ్లు చేతిరాత మీదికే పోయాయి. ఏప్రిల్, మే, జూన్ గుండ్రటి అక్షరాలు, ఆడపిల్ల రాత. జులై నుంచి ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత పెట్టేవాడు ఒకడు. అతనిది దసరా దాకా సాగింది. తర్వాత కుడివైపుకు ఒరిగిన రాత, పెన్ను గట్టిగా నొక్కి రాసేవాడేమో, కింది కాగితం మీద అచ్చుపడింది. ఆఖరి రాత జనవరి 29న మొదలై ఫిబ్రవరి 14న ఆగిపోయింది. పదిహేడు రోజులు. ఆ తర్వాత వోచర్లు అసలు రాయలేదు, బిల్లులు కుప్పగా పిన్ను కొట్టి ఉన్నాయి. పదకొండు నెలల్లో నలుగురు. నాకు చూపించిన తప్పు అదే, ఆయనకు తెలియకుండానే చూపించాడు.

ఒక పెద్దాయన టీ తెచ్చాడు. మా బాపు కంటే నాలుగేళ్లు పెద్దే ఉంటాడు. కొంచెం సాసర్‌లోకి ఒలికింది. మేనేజర్ ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే "ఒరేయ్, కండ్లు కనవడ్తలేవా?" అన్నాడు. మళ్లీ ఫోన్లో అవతలివాళ్లతో "చెప్పండి సార్, చెప్పండి" అని అంతే తియ్యగా అందుకున్నాడు.

ఆయన వచ్చి కూర్చున్నాక రెండే అడిగాను. నెలనెలా వేయాల్సిన జీఎస్‌టీ రిటర్న్, 3బీ, ఏ తారీఖుకు వేస్తున్నారని ఒకటి. "20 దాటితే ఏమైతది? రోజుకు 50 రూపాయలే కద లేట్ ఫీజు. అది అకౌంటెంట్ జీతంల కోస్త" అని నవ్వాడు. వడ్డీ ఏడాదికి 18 శాతం లెక్కన పడుతుందని నేను అనలేదు. రెండోది, ఇంతకు ముందు చేసినాయనతో ఒకసారి మాట్లాడొచ్చా, పెండింగ్ ఏముందో తెలుసుకుంటా అని. నవ్వు ఆగిపోయింది. "వాళ్లతోని నీకేం పని?"

బయట బండి తీస్తుంటే ఆ పెద్దాయన గేటు దగ్గర బీడీ కాలుస్తున్నాడు.

"ఎప్పటి సంది వస్తవ్ బిడ్డా?"

"ఇంకా ఖాయం కాలే కాకా."

"వస్తే రెండు టిఫిన్లు తెచ్చుకో, పొద్దటిది ఒకటి, రాత్రిది ఒకటి" అని బీడీ నలిపేసి లోపలికి పోయాడు.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. "చేతికొచ్చిన పనిని చేతిరాత జూసి వద్దంటవా?" అన్నాడు బాపు. ఆయనకు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆ నెల ఇంటి కిరాయి మా ఆవిడ చిట్టీ డబ్బుల్లోంచి కట్టాం. ఏప్రిల్ కూడా అట్లనే గడిచింది. నేనే ఎక్కువ చేస్తున్నానా అని రాత్రుళ్లు అనిపించేది.

మే నెలలో నక్కలగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు పోయాను. ఆ మేనేజర్ నలభై నిమిషాలు కూర్చోబెట్టింది, ఒక్కసారి నవ్వలేదు, నా రెజ్యూమే మీద పెన్నుతో గీతలు కొట్టింది. రెండేళ్లు చేసి ఎందుకు మానేశావని మూడుసార్లు తిప్పి తిప్పి అడిగింది. పాత నేనైతే వద్దు బాబోయ్ అని వచ్చేవాణ్ణి. కానీ ముందున్న అకౌంటెంట్ గురించి అడిగితే, "ఆయనకు కరీంనగర్‌లో మాకంటే మంచి జీతం దొరికింది, పోయాడు" అని అక్కడికక్కడే నంబర్ రాసిచ్చింది. ఫోన్ చేస్తే అతను మొదట చెప్పింది, "మేడమ్‌కు కోపం జాస్తి, కానీ ఒకటో తారీఖు జీతం పడుతది" అని. సర్టిఫికెట్లు జిరాక్సులే తీసుకున్నారు, ఒరిజినల్స్ ఒకసారి చూసి నా ముందే తిరిగిచ్చారు. జీతం 25. చేరాను. మేడమ్‌కు కోపం నిజంగానే జాస్తి.

మొన్న ఒక కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు. పాత డీలర్‌షిప్ నుంచి. లెడ్జర్ అట్ట మీద నా పేరు, నంబర్ కనిపించాయట. దేనివో తేలని మొత్తాలు పెట్టే సస్పెన్స్ అకౌంట్‌లో 2022 నుంచి ఒక బ్యాలెన్స్ అట్లనే కూర్చుంది, అదేంటో చెప్తారా అన్నా అంది. గుర్తున్నంత వరకు చెప్పాను. థాంక్స్ అని పెట్టేయబోతుంటే అడిగాను.

"ఒరిజినల్స్ ఇచ్చినవామ్మా వాళ్లకు?"

అటువైపు ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. కొంచెం సేపయ్యాక, గొంతు తగ్గించి, "బీరువాల ఉన్నయన్నా" అంది.