ముందుమాట కోసం మూడు నెలలు

కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఇంకో వారం ఆగితే మా అమ్మ "పెద్దాయన, పోనీలేవే" అంటుంది, నేనూ పోనీలే అనుకుంటాను.

మాది రాజమండ్రి. నేను రాసిన నవల పేరు 'మూడో రేవు'. సోముడని లంకల్లో పుట్టిన పన్నెండేళ్ల పడవ కుర్రాడు. వరదొచ్చినప్పుడు మాత్రమే కనిపించే ఒక రేవు. దాని మెట్లు దిగితే గోదావరి అడుగున ఇంకో ఊరు, అక్కడ గంటలు కొట్టే చేపలు, జనం దగ్గర నిద్రని శిస్తుగా వసూలు చేసే రాణి. ఇంటర్ రెండో ఏడాదిలో ఎంసెట్ నోట్సు వెనక పేజీల్లో మొదలుపెట్టాను. డిగ్రీ రెండో ఏడాదిలో పూర్తయింది. ఆ మధ్య కాలం గురించి చెప్పడానికేం లేదు. రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను.

అచ్చు పని కూడా జనం భయపెట్టినంత కష్టం కాదు. పుస్తకానికి గుర్తింపుగా వేసే ఐఎస్‌బీఎన్ నంబరు ఢిల్లీలోని ప్రభుత్వ సంస్థ వాళ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తారు. "మేం తెప్పిస్తాం, రెండు వేలివ్వండి" అనేవాళ్లని నమ్మకండి. నేను ఫోన్లో యూనికోడ్‌లో కొట్టుకున్నదాన్ని పేజీలు కూర్చే డీటీపీ ఆయన ప్రెస్సులకి వాడే అనూ ఫాంటులోకి మార్చేసరికి కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి, అవి వెతకడానికి రెండు వారాలు. 1/8 డెమ్మీ సైజు, 208 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు పదమూడు, 500 కాపీలు. డబ్బు అమ్మ చీటీ పాడగా వచ్చింది.

ఇక ప్రెస్సుకి వెళ్లడమే అనుకుంటుంటే డీటీపీ ఆయన అడిగాడు. "ముందుమాట ఏదమ్మా?"

తెలుగు పుస్తకం ఏదైనా తీసి చూడండి. ముందుమాట, ఆప్తవాక్యం, అభినందన, ఆశీస్సులు. పాఠకుడు ఒక్క పేజీ తిప్పకముందే నలుగురు అభిప్రాయం చెప్పేసి ఉంటారు. నాకు వద్దనే అనిపించింది. నాన్న ఒప్పుకోలేదు. "ఇరవయ్యేళ్ల పిల్ల రాసిందంటే ఎవరు ముట్టుకుంటారే? ఒక పెద్దాయన మాట ఉండాలి."

ఆ పెద్దాయన పేరు రాయను. రిటైరైన తెలుగు లెక్చరర్. ఊళ్లో ఏ సాహిత్య సభ జరిగినా వేదిక మీద మధ్య కుర్చీ ఆయనది. ఆగస్టు 15న, జెండా వందనం అయ్యాక, స్పైరల్ బైండింగు చేయించిన కాపీ పట్టుకుని వెళ్లాం. "పది రోజుల్లో ఇచ్చేస్తా తల్లీ" అన్నాడు.

పదిహేనో రోజున వెళ్తే, "సగంలో ఉన్నాను" అన్నాడు. నెల తర్వాత వెళ్తే వినాయక చవితి ఉపన్యాసాల వల్ల కుదరలేదట. దసరా ముందు వెళ్తే గంటసేపు వీధరుగు మీద కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, "నీకు ఫోన్లో తెలుగు కొట్టడం వచ్చు కదూ" అని తన వ్యాసం ఒకటి చేతిలో పెట్టాడు. ప్రబంధాల్లో ఋతువర్ణన మీద, పదకొండు అరఠావులు, గొలుసుకట్టు రాత. కొట్టాను. రెండు రోజులు పట్టింది. అందులో ఒక పద్యం తప్పుగా ఉందని నాకనిపించింది, కానీ నోరెత్తలేదు.

అది ఇచ్చొద్దామని వెళ్లిన రోజు జరిగిందే అసలు సంగతి. నాన్న గేటు దగ్గర బండి మీదే ఉన్నాడు.

"ఇది ఏ ఇంగ్లీషు సినిమా చూసి రాశావమ్మాయ్?"

"సినిమా కాదు మాస్టారూ. మా తాతయ్య చెప్పిన వరద కబుర్లు..."

"డ్రాగన్లూ అవీ మనకెందుకు?"

నా నవల్లో డ్రాగన్ లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన వినలేదు.

"మీ నాన్నగారేం చేస్తారూ?"

"ఆర్టీసీ డిపోలో మెకానిక్ అండి."

"మరి ఇదంతా ఎవరు దిద్దిపెట్టారు?"

ఎవరూ దిద్దలేదన్నాను. ఆయన నవ్వాడు. మెల్లగా, దయగా, చిన్నపిల్ల అబద్ధం చెబితే నవ్వినట్టు. "పోనీలే, ఎవరైతేనేం" అన్నాడు. వెనక్కి చూస్తే నాన్న బండి అద్దం తుడుస్తున్నాడు. అద్దం మీద దుమ్మేం లేదు.

ఆ రాత్రి అనుకున్నాను, అమెరికాలో క్రిస్టఫర్ పావొలీనీ పదిహేనేళ్లప్పుడు ఎరగాన్ అనే ఫాంటసీ నవల మొదలుపెట్టాడు. దాన్ని 2002లో వాళ్లింట్లో వాళ్లే అచ్చు వేసుకున్నారు. మరుసటేడాది పెద్ద ప్రచురణకర్త తీసుకున్నాడు. అది పాత కథల్ని పోలి ఉందని తిట్టే పాఠకులు ఇప్పటికీ ఉన్నారు. కానీ వాళ్లు చదివి తిడుతున్నారు. చదివి తిడితే నాకేం అభ్యంతరం?

ఇంకోటి చెబితే గొప్పలనుకుంటారేమో, అనుకోండి. మా తాతయ్య చందమామలు బైండు చేయించి దాచాడు. అందులో సీరియళ్లన్నీ పదమూడేళ్లకే నమిలేశాను. మాంత్రికులు, శిథిల దుర్గాలు, ఎలుగుబంట్లు. మాస్టారు ఒకసారి "చందమామలో రాసేవారు, అదీ సాహసమంటే" అంటే, "దాసరి సుబ్రహ్మణ్యం గారివేనా అండి?" అన్నాను. "ఆయనెవరు?" అన్నాడు. ఆ సీరియళ్లు రాసింది ఆయనే అయినా పత్రికలో వాటి మీద ఆయన పేరు వేసేవారు కాదు కాబట్టి సామాన్య పాఠకుడికి తెలియకపోవచ్చు. తెలుగు లెక్చరర్‌కి?

నవంబరులో ముందుమాట వచ్చింది. రెండు పేజీలు. మొదటి పేజీ తన గురువుగారి గురించి. రెండో పేజీ సెల్‌ఫోన్లు పిల్లల్ని ఎలా పాడుచేస్తున్నాయో. చివర నా గురించి మూడు వాక్యాలు, అందులో ఒకటి: "ఈ చిరంజీవి రాసిన బాలల నీతికథలు ఆసక్తికరంగా ఉన్నాయి." కథలు! నీతి! నవలలో సోముడు రాణి దగ్గర దొంగతనం చేసి తప్పించుకుంటాడు. నీతి ఎక్కడుంది?

వేశాను. సిగ్గుగా ఉంది కానీ నిజం, అక్షరం మార్చకుండా అచ్చు వేశాను. డిసెంబరులో పుస్తకావిష్కరణ సభలో ఆయన యాభై నిమిషాలు మాట్లాడాడు. సోముణ్ణి మూడుసార్లు రాముడన్నాడు. నాన్నని వేదిక మీదకి పిలిచి శాలువా కప్పి, "మెకానిక్కు ఇంట్లో సరస్వతి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాన్న కూడా కొట్టాడు.

అందుకని కొత్తగా రాసేవాళ్లకి నా సలహా ఒక్కటే. ముందుమాట వద్దు. తప్పదంటే మీ ఊరి ఆటో ఆయనతోనైనా రాయించండి, చదివితే చాలు. చివరి పేజీలో ఫోన్ నంబరు మాత్రం వెయ్యండి, కానీ అది మీ నంబరు కాకూడదు. "బాగుంది సిస్టర్, మీదే ఊరు" అనేవాళ్లు పదిమంది తగులుతారు. ఇప్పుడు ఆ ఫోను అమ్మ దగ్గరుంటోంది.

పోస్టాఫీసు మీద కూడా నాకు కచ్చి ఉంది. పుస్తకాలు చవగ్గా పంపుకోవడానికి రిజిస్టర్డ్ బుక్ పోస్టని ఒకటుండేది, 2024 డిసెంబరులో ఎత్తేశారు. కోల్‌కతా నేషనల్ లైబ్రరీతో మొదలుపెట్టి నాలుగు గ్రంథాలయాలకి ఒక్కో కాపీ పంపాలని 1954 నాటి చట్టం. నా ఖర్చుతోనే పంపాలట. పంపాను. మళ్లీ ఆ క్యూలో నిలబడమంటే కష్టమే.

అసలు పాఠకులు జనవరిలో దొరికారు. విజయవాడ పుస్తక మహోత్సవంలో తెలిసినవాళ్ల స్టాలులో ఓ మూల పెట్టనిచ్చారు. 64 కాపీలు పోయాయి, అందులో ఒక్క ఆదివారమే 23. ఎవరూ ముందుమాట చూసి కొనలేదు, అట్ట మీద చేప చూసి కొన్నారు. ఒకావిడ "మా పిల్లలకి తెలుగు మాట్లాడ్డమే వచ్చు, ఆడియో ఉందా?" అంది. లేదంటే, "అయితే రాత్రిళ్లు నేనే చదివి వినిపిస్తా" అని తీసుకుంది.

అమలాపురం వైపు నుంచి ఒకాయన పెట్టిన మెసేజి మాత్రం గుచ్చుకుంది. నా నవలలో ఆ రేవు చివరిసారి తెరుచుకున్నది 1986 వరదలో. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. "ఆ వరదలో మా పెద్దమ్మ ఇల్లు, గొడ్లు పోయాయి. మీకది మాయలా కనిపించిందా అమ్మా?" అని రాశాడు. రెండు రోజులు జవాబివ్వలేకపోయాను. ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. మూడో రోజు ఆయనే మళ్లీ పెట్టాడు: "140వ పేజీలో వరద తీశాక ఇంట్లో ఒండ్రు కంపు గురించి రాశారు. అది నిజం." ఆ ఒక్క ముక్క మాస్టారి రెండు పేజీలకి ఎదురు తూచొచ్చు.

మొన్న భోగినాడు పండగ పలకరింపుకని నాన్న బలవంతం మీద మాస్టారింటికి వెళ్లాం. "ఇదిగో నీ కాగితాలు, ఇంట్లో చోటు చాలట్లేదు" అని స్పైరల్ కాపీ తిరిగిచ్చాడు. అప్పటికి భోగిమంట ఆరిపోయింది, లేకపోతే ఏం చేసేదాన్నో. ఇంటికొచ్చి తెరిచాను. పదహారో పేజీ దగ్గర గ్యాస్ బిల్లు ఉంది. ఆగస్టు 19 తేదీది. పదిహేడో పేజీ నుంచి జెరాక్సు కాగితాలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

నిన్న కనుమ. కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి అందరూ ఇంట్లోనే ఉన్నారు. మా పిన్ని కొడుకు, ఆరో తరగతి, డాబా మీద పడుకుని పొద్దుటి నుంచీ 'మూడో రేవు' చదువుతున్నాడు. గారెలకి పిలిచినా రాలేదు. నాకు లోలోపల ఎంత సంతోషంగా ఉందో. మధ్యాహ్నం కిందికొచ్చాడు.

"అక్కా, 96లో సోముడు తెడ్డు రాణికిచ్చేశాడు కదా."

"ఊఁ."

"మరి 131లో తెడ్డేసుకుంటూ ఎలా వచ్చేశాడు?"

"రాణి తిరిగిచ్చేసిందిలే."

"ఎక్కడ రాశావ్?"

ఎక్కడా రాయలేదు. నేను చూడలేదు, నాన్న చూడలేదు, డీటీపీ ఆయన చూడలేదు. మాస్టారి సంగతి తెలిసిందే. వీడు తిడుతున్నాడో జాలిపడుతున్నాడో అర్థం కాలేదు. పుస్తకం తీసి తిరగేస్తే 130వ పేజీలో అధ్యాయం అయిపోయి కింద సగం ఖాళీగా ఉంది. "చేపలు దొంగిలించి తెచ్చాయని రాయి" అన్నాడు వాడు, అరిసె కొరుకుతూ. నేను రాణి మనసు మారినట్టు రాద్దామనుకున్నాను. వాడిదే బాగుంది.

అట్టపెట్టెల్లో 291 కాపీలున్నాయి. ఇద్దరం రెండు నల్ల జెల్ పెన్నులు తీసుకుని, 130వ పేజీ కింద ఒక్కో వాక్యం రాస్తూ కూర్చున్నాం. రాత్రికి నలభై ఒకటయ్యాయి. వాడి దస్తూరి నాకంటే బాగుంది. ముప్పయ్యో కాపీ దగ్గర నాన్న కూడా వచ్చి పక్కన పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.